అడగండి, చెబుతాను: లక్ష డాలర్ల లెక్క

పోయిన నెల ఇదే శీర్షికలో శాన్‌ఫ్రాన్సిస్కో టెండర్లాయిన్ పేట గురించి నాలుగు వాక్యాలు రాసిన పాపానికి మెయిల్ బాక్స్ నిండిపోయింది. కొందరు తిట్టారు, కొందరు బుద్ధి చెప్పారు, ఒకాయన "ఒకసారి వచ్చి చూసి రాయండి" అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ నగరంలోనే ఉంటున్నాను మహాప్రభో, ఇంకెక్కడి నుంచి రమ్మంటారు? అందరి కోపం దాదాపు ఒక్కటే, ఇంత డబ్బు పోసినా ఇల్లు లేనివాళ్ళు ఇంకా వీధుల్లోనే ఉన్నారేమని, కాబట్టి ఈసారి వీసాల ప్రశ్నలు, పిల్లల కాలేజీ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. వీసావాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి, ఎలాగూ అలవాటైన పనే కదా.

ప్రశ్న: పదకొండేళ్ళుగా ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. వారానికి రెండు రోజులు బార్ట్ రైల్లో సివిక్ సెంటర్‌లో దిగి ఆఫీసుకి నడుస్తాను. స్టేషన్ మెట్లెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది. మొన్న ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి నగరం చూపిద్దామని తీసుకెళితే, కారు ఆపిన అరగంటలో అద్దం పగలగొట్టి నాన్న బీపీ మాత్రల సంచి కూడా ఎత్తుకుపోయారు. 2024-25లో ఈ నగరం హోమ్‌లెస్ శాఖ ఒక్కదానికే 84.6 కోట్ల డాలర్లు కేటాయించింది. 2024 జనవరిలో లెక్క పెడితే ఇల్లు లేనివాళ్ళు 8,323 మంది. భాగించి చూడండి, మనిషికి లక్ష డాలర్ల పైమాటే! ఆ డబ్బేదో వాళ్ళ చేతికే ఇచ్చేస్తే హాయిగా అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. మా ట్యాక్సులు ఎవడు తింటున్నాడు సార్?
— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: ముందు కారు అద్దం సంగతి తేల్చేద్దాం. నాకూ రెండుసార్లు పగిలింది, ఆ గాజు ముక్కలు సీటు సందుల్లోంచి ఏడాది పాటు వస్తూనే ఉంటాయి. కానీ అది టెంటులో పడుకున్నవాడి పని అనుకోకండి. కారులో వచ్చి, నిమిషంలో నాలుగు బళ్ళు దులిపి, మళ్ళీ కారులోనే వెళ్ళిపోయే ముఠాల పని అని పోలీసులే ఏళ్ళ తరబడి చెబుతున్నారు. వాళ్ళ వెంట గట్టిగా పడ్డాక 2024లో ఈ దొంగతనాలు సగానికి సగం తగ్గాయి. అందుకని దాన్ని ఈ ఖాతాలో రాయొద్దు.

ఇక మీ భాగహారం. అంకెలు రెండూ నిజమే, భాగించిన తీరే తప్పు. పెళ్ళికి వెయ్యి మందికి వంట చేయించారనుకోండి. ఆరు వందల మంది తిని చేతులు కడుక్కున్నారు, నాలుగు వందల మంది తర్వాతి బంతి కోసం కుర్చీల వెనక నిలబడ్డారు. మొత్తం వంట ఖర్చుని ఆ నిలబడ్డ నాలుగు వందల మందితో భాగించి "మనిషికి ఇంత పోసి కూడా వీళ్ళకి అన్నం పెట్టలేదేం" అంటే వంటాయన గరిటె పుచ్చుకుని వస్తాడా రాడా? ఆ శాఖ డబ్బులో సగానికి పైగా పోయేది ఇప్పటికే తలదాచుకున్నవాళ్ళ గదులకి. ఒకప్పుడు రోడ్డు మీద ఉండి ఇప్పుడు నగరం అద్దె కట్టే గదుల్లో ఉన్నవాళ్ళు, అలాంటి యూనిట్లే 9 వేలకు పైగా ఉన్నాయి. వాళ్ళు మీ 8,323లో లేరు, ఎందుకంటే వాళ్ళకి ఇల్లుంది. ఆ 8,323లో కూడా బయట పడుకునేవాళ్ళు 4,354 మంది, మిగతావాళ్ళు షెల్టర్లలో ఉన్నారు. పైగా అది ఒక్క రాత్రి తీసిన లెక్క. ఏడాది పొడుగునా ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు పోగొట్టుకునేవాళ్ళు 20 వేల దాకా ఉంటారని నగరమే అంచనా వేసుకుంది. ఒకడు గదిలోకి వెళ్ళేలోపు వెనక ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడుతున్నారు. మీకు మెట్ల మీద కనిపించేది ఆ కొత్తగా వచ్చినవాళ్ళు, గది దొరికినవాడు మీకు కనిపించడు.

అలాంటివాడిని ఒకాయన్ని నేను చూశాను. టెండర్లాయిన్‌లో పాతకాలం నాటి హోటల్, మూడో అంతస్తు, లిఫ్టు పని చేయడం లేదు, కాగితం మీద "త్వరలో బాగు చేస్తాం" అని రాసి అంటించారు, ఆ కాగితమే పసుపెక్కిపోయింది. గది మన ఊళ్ళల్లో పాతకాలం వంటగదంత ఉంటుంది. మూలన ఒక సింకు, మంచం, కిటికీ. బాత్‌రూమ్ వరండా చివర, అందరికీ ఒక్కటే. మంచం మీద దుప్పటి మడత చెదరకుండా ఉంది, పక్కన నేల మీద అట్టముక్కలు పరిచి వాటి మీద ఒక పాత స్లీపింగ్ బ్యాగు. "మంచం మీద పడుకోరా" అనడిగితే, వచ్చి రెండు నెలలైంది గానీ మెత్తగా ఉంటే నిద్ర పట్టడం లేదన్నాడు. బూట్లు మాత్రం సంచిలో కట్టి, ఎవరైనా లేపితే చటుక్కున పట్టుకుని లేచేలా తల దగ్గరే పెట్టుకున్నాడు. తన పింఛనులో 30 శాతం అద్దె కింద కడతాడు, మిగతాది నగరం కడుతుంది. మీ లక్ష డాలర్లలో ఒక ముక్క ఆ గది. అది గొప్ప గదని నేను అనను. కానీ అదీ లేకపోతే ఆయన మీ స్టేషన్ మెట్ల మీదే ఉండేవాడు.

ఇంతవరకూ నగరం తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టుంది కదా. ఇప్పుడు మీ కోపం దగ్గరికి వస్తాను, ఎందుకంటే కోపం సరైనదే, అది పడాల్సిన చోట పడటం లేదు, అంతే నా బాధ.

కోవిడ్ టైములో నగరం ఖాళీ స్థలాల్లో గీతలు గీసి టెంట్లు వేయించింది, 2021లో లెక్క తేలితే ఒక్కో టెంటుకి ఏడాదికి 60 వేల డాలర్లు. టెంటుకి! కాపలా, భోజనం, టాయిలెట్లు అన్నీ కలిపే అనుకోండి, అయినా ఆ డబ్బుకి అప్పట్లో నగరంలో మంచి అపార్ట్‌మెంటే వచ్చేది. తర్వాత 2022లో నగరంలోని నోయ్ వ్యాలీ పేటలో ఒక్క మరుగుదొడ్డి. ఒకే ఒక్క దొడ్డి, నీళ్ళ పైపులు అప్పటికే వేసి ఉన్న స్థలంలో, దానికి అంచనా 17 లక్షల డాలర్లు. రాష్ట్రం డబ్బు తెచ్చిన ఎమ్మెల్యేగారు వేడుక కూడా పెట్టుకున్నాడు, పేపర్లో ఖర్చు బయటపడేసరికి రద్దు చేసుకున్నాడు. అంత ఎందుకయిందంటే ఎవడో సంచిలో వేసుకుపోయాడని కాదు (అదే అయితే పట్టుకోవడం సులువు). డిజైన్ ఒక కమిటీ చూడాలి, పార్కుల శాఖ చూడాలి, పర్యావరణ పరిశీలన ఉంది, చుట్టుపక్కలవాళ్ళ అభిప్రాయాలు వినాలి, ప్రతి చోటా జీతాలు, నెలలు. చివరికి నెవడాలో ఒక కంపెనీ రెడీమేడ్ దొడ్డి ఉచితంగా ఇస్తే 2024లో మొదటి అంచనాలో ఐదో వంతు కూడా కాకుండా పని అయిపోయింది.

సంచిలో వేసుకున్నవాళ్ళూ లేకపోలేదు. వీధులు శుభ్రం చేయించే పబ్లిక్ వర్క్స్ శాఖ అధిపతి మొహమ్మద్ నూరు 2020 జనవరిలో అవినీతి కేసులో అరెస్టయి, నేరం ఒప్పుకుని, 2022లో ఏడేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. ఆయన ట్విట్టర్‌లో తనకు తాను పెట్టుకున్న పేరు మిస్టర్ క్లీన్. అలాంటి పేరు పెట్టుకోవాలన్న ఆలోచన ఎలా వస్తుందో!

ఇంకా మండిపోయేది చెప్పనా? 2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఆడిటర్ ఒక నివేదిక ఇచ్చాడు. రాష్ట్రం ఐదేళ్ళలో హోమ్‌లెస్ సమస్య మీద దాదాపు 2,400 కోట్ల డాలర్లు పెట్టింది, వాటిలో ఏ పథకం పని చేసిందో ఏది చేయలేదో చెప్పడానికి సరైన లెక్కే లేదు. కిరాణా కొట్టువాడు కూడా సాయంత్రానికి గల్లా లెక్క చూసుకుంటాడు కదండీ. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే, జనం గదుల కోసం ఎదురు చూస్తుంటే మరోపక్క నగరం చేతిలోని వందల గదులు ఖాళీగా పడి ఉన్న రోజులున్నాయి. కారణం? కాగితాలు. గుర్తింపు కార్డు కావాలి, ఆదాయం రుజువు కావాలి, రోడ్డు ఊడ్చేవాళ్ళు వచ్చి టెంటు ఎత్తేసినప్పుడు ఆ కాగితాలున్న సంచి చెత్తబండిలోకి పోతుంది, మళ్ళీ మొదటి నుంచీ. ఒక శాఖ ఇచ్చిన కాగితం ఇంకో శాఖ పారేస్తుంది, రెండు శాఖలకూ జీతం మనమే.

"డబ్బు చేతికిచ్చేయొచ్చు కదా" అన్నారు, అదీ జరిగింది. 2002 నాటికి నగరం నెలకి 400 డాలర్లకు దగ్గరగా నగదు ఇచ్చేది. అప్పుడు నగర సూపర్‌వైజర్‌గా (మన కౌన్సిలర్ లాంటి పదవి) ఉన్న గావిన్ న్యూసమ్ దాన్ని 59 డాలర్లకు తగ్గించి మిగతాది గదులకీ సేవలకీ పెడదామని ఓటుకు పెట్టాడు, జనం సరేనన్నారు, ఆ ఊపులోనే ఆయన మేయరూ అయ్యాడు. 2004లో పదేళ్ళలో ఈ సమస్యని అంతం చేస్తానని ప్లాను కూడా వేశాడు. ఆ పదేళ్ళు 2014లో అయిపోయాయి.

అసలు ముడి ఇళ్ళ దగ్గర ఉంది. 2023లో రాష్ట్రమే విచారించి చెప్పిన సంగతి: శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇళ్ళ ప్రాజెక్టుకి ప్లాను ఆమోదం రావడానికి సగటున 523 రోజులు, ఆ తర్వాత బిల్డింగ్ పర్మిట్‌కి ఇంకో 605 రోజులు. మూడేళ్ళు పైన, ఇటుక ముట్టకుండా! మీరు మీ ఇంటికి డెక్ వేయించుకోవడానికి పడ్డ తిప్పలు గుర్తు చేసుకోండి, అది వందరెట్లు అనుకోండి. 2031లోపు 82 వేల ఇళ్ళకి చోటు చూపించమని రాష్ట్రం హుకుం, ఆ లెక్కన కడుతున్నవి ఏ మూలకీ రావు. ఇళ్ళు కట్టనివ్వకుండా యాభై ఏళ్ళు అడ్డం పడి, ఉన్న కాసిని ఇళ్ళ అద్దె ఆకాశానికి ఎక్కాక, పడిపోయినవాళ్ళని ఒక్కొక్కరినీ లేపి అదే ఆకాశపు అద్దె కట్టి లోపల పెట్టాలంటే 84 కోట్లు కాదు 200 కోట్లయినా చాలవు.

చేయగలరా అంటే చేయగలరు. బ్రయంట్ స్ట్రీట్‌లో టహానన్ అని 145 చిన్న ఇళ్ళ భవనం ఉంది. దాతల డబ్బు ముందు పెట్టి, ఫ్యాక్టరీలో గదులు తయారుచేసి తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి, మూడేళ్ళలో, ఒక్కోటి 4 లక్షల డాలర్ల లోపు కట్టారు. ఆ నగరంలో ఇది చవక, నవ్వకండి. మరి అలాంటివి ఇరవై ఎందుకు లేవంటే నగరంలోని భవన కార్మిక సంఘాలకి ఫ్యాక్టరీ గదులంటే గిట్టదు, వాళ్ళ పని పోతుందని. టహానన్ వెనక ఉన్న దాతృత్వ సంస్థని స్థాపించిన డేనియల్ లూరీయే 2025 జనవరిలో మేయరయ్యాడు. దాతల డబ్బుతో చేసింది నగరం డబ్బుతో చేయగలడా అన్నది చూడాలి, నాకైతే పూర్తి నమ్మకం లేదు.

చివరగా "మా ట్యాక్సులు" అన్నారు. ఇది చెబితే మీకు నచ్చదు. మీ ఇంటి పన్ను శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒక్క సెంటు కూడా పోదు, అది అలమీడా కౌంటీ ఖాతాలోది. మీ జీతం మీద నగరం ఆదాయ పన్ను వేయదు. హోమ్‌లెస్ ఖర్చులో పెద్ద ముక్క 2018 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ సి అనే ప్రతిపాదన నుంచి వస్తుంది, అది అప్పట్లో ఏడాదికి 5 కోట్ల డాలర్లకు పైగా వ్యాపారం ఉన్న కంపెనీల మీద వేసిన పన్ను. సేల్స్‌ఫోర్స్ కంపెనీ అధిపతి బెనియాఫ్ దాన్ని సమర్థించాడు, అప్పటి ట్విట్టర్ అధిపతి డోర్సీ వద్దన్నాడు, అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ కూడా వద్దంది, అయినా గెలిచింది. మీరు కట్టేది మధ్యాహ్నం తిన్న బరీటో మీద అమ్మకం పన్ను. రాష్ట్రానికి కట్టే ట్యాక్సులోంచి కొంత వెళుతుంది, ఆ మాట నిజం.

మరి మీ ఊళ్ళో? 2019లో ఫ్రీమాంట్ సిటీ హాల్ వెనక ఇల్లు లేనివాళ్ళకి ఒక సెంటర్ పెడదామంటే కౌన్సిల్ మీటింగులు హోరెత్తిపోయాయి. మనవాళ్ళు, చైనావాళ్ళు, అందరూ వచ్చి మైకు ముందు నిలబడి "సాయం చేయాల్సిందే, కానీ ఇక్కడ కాదు" అన్నారు. అది 2020లో తెరిచారు, ఊరు మునిగిపోలేదు. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్ బహిరంగ స్థలాల్లో టెంట్లు వేయకూడదని చట్టం చేస్తూ, వాళ్ళకి సాయపడేవాళ్ళు కూడా నేరస్థులే అనే అర్థం వచ్చే ముక్క ఒకటి పెట్టి, దేశమంతా నవ్వితే తర్వాతి నెల తీసేసింది. మీరు ఆ మీటింగులకి వెళ్ళారో లేదో నాకు తెలియదు. వెళ్ళుంటే ఏమన్నారో రాయండి, వచ్చే నెల వేస్తాను.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఆరు నెలలున్నాను. పూజ చేసుకుంటున్నా ఆ వీధిలో వంగిపోయి నిలబడ్డ పిల్లలే కళ్ళ ముందు కనబడుతున్నారు. వాళ్ళకి అమ్మానాన్న, అక్కాచెల్లెళ్ళు లేరా బాబూ? ప్రభుత్వమైనా పట్టుకెళ్ళి ఆసుపత్రిలో పెట్టొచ్చు కదా?
— ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ఉన్నారమ్మా. చాలామందికి ఉన్నారు. కొందరి అమ్మలు వేరే ఊళ్ళ నుంచి వచ్చి ఫొటో చేత్తో పట్టుకుని టెండర్లాయిన్ అంతా తిరుగుతూ "వీడిని చూశారా" అని అడుగుతుంటారు, నన్నూ ఒకావిడ అడిగింది, నేను చూడలేదని చెప్పి వచ్చేశాను, ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. మీరు చూసిన ఆ నడుము దగ్గర రెండుగా వంగిపోయి నిలబడటం ఫెంటనిల్ అనే మత్తుమందు వల్ల. దాని మూలంగానే ఎక్కువగా 2023లో ఈ ఒక్క నగరంలో మత్తుమందులు వికటించి చనిపోయినవాళ్ళు 810 మంది. ఆ తర్వాతి ఏడాది తగ్గింది, అయినా ఆరు వందలు దాటింది.

ఆసుపత్రి సంగతి: ఇక్కడ మనిషిని తన ఇష్టం లేకుండా ఆసుపత్రిలో పెట్టడం 1967లో వచ్చిన చట్టం నుంచీ చాలా కష్టం. అంతకుముందు పిచ్చాసుపత్రుల్లో పడేసి ఏళ్ళకేళ్ళు మర్చిపోయేవాళ్ళు, దానికి విరుగుడుగా వచ్చిన చట్టం అది. మన ఎర్రగడ్డ పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టే అలవాటు ఎలా వచ్చిందో మీకు తెలుసు కదా. మంచి ఉద్దేశమే, కానీ ఆసుపత్రులు మూసేశారు గానీ వాటి బదులు పెడతామన్న చిన్న చికిత్సా కేంద్రాలు సరిపడా పెట్టలేదు. ఇప్పుడు పోలీసులు పట్టుకెళ్ళినా ఆసుపత్రిలో మొదట 72 గంటలే ఉంచగలరు, తర్వాత చాలామంది అదే వీధికి అవే చెప్పులతో తిరిగొస్తారు. 2023లో చట్టం కొంచెం సడలించారు, మత్తుకి పూర్తిగా బానిసైనవాళ్ళకీ వర్తించేలా. అయితే పెట్టడానికి మంచాలుండాలి కదమ్మా.

ఒక్క మాట చెప్పాలి, ఇది మీ అల్లుడుగారు ఒప్పుకోకపోవచ్చు. అందరూ మత్తు వల్లే రోడ్డున పడ్డారనుకుంటారు. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో మత్తుమందుల చావులు దేశంలోనే ఎక్కువగా ఉంటూ వచ్చాయి, అయినా అక్కడ వీధుల్లో ఇంతమంది ఉండరు. అక్కడ అద్దె తక్కువ. తాగినా, మందు పీల్చినా ఏదో ఒక గదిలో పడి ఉంటాడు, అమ్మకి ఎక్కడున్నాడో తెలుస్తుంది. ఇక్కడ గది అద్దె కట్టలేక ముందు కారులోకి, కారు పోయాక ఫుట్‌పాత్ మీదకి వచ్చి, ఆ చలిలో నిద్రపోలేక మందు మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. 2022 సర్వేలో అడిగితే పదిమందిలో ఏడుగురు ఇల్లు పోయేనాటికి ఇదే నగరంలో కాపురం ఉన్నవాళ్ళే.

ప్రశ్న: డౌన్‌టౌన్‌లో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. కోవిడ్ ముందు మధ్యాహ్నం 180 భోజనాలు పోయేవి, ఇప్పుడు 60 అంటే పండగ. ఈ టెంట్ల వల్ల, మాల్స్ మూతపడటం వల్ల మేం నాశనమయ్యాం. నగరం ఈ డబ్బు మాలాంటివాళ్ళకి ఇవ్వొచ్చు కదా?
— ఒక పాఠకురాలు, సాన్ రమోన్

జవాబు: మీ బాధ అర్థమైంది, మీ దగ్గర పెసరట్టు తిన్నానేమో కూడా. కానీ ఆ 120 భోజనాలు తినేవాళ్ళు ఎక్కడికి పోయారో చూడండి. డౌన్‌టౌన్ ఆఫీసుల్లో 2024 నాటికి మూడో వంతుకు పైగా ఖాళీ. వెస్ట్‌ఫీల్డ్ మాల్‌లోని పెద్ద దుకాణం నార్డ్‌స్ట్రామ్ 2023 ఆగస్టులో మూసింది, దానికి ముందే జూన్‌లో ఆ మాల్ యజమానులు అప్పులవాళ్ళకి తాళాలు ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. హోల్ ఫుడ్స్ అనే కిరాణా దుకాణం మార్కెట్ స్ట్రీట్‌లో 2022 మార్చిలో తెరిచి 13 నెలలకే సర్దుకుంది, తమ ఉద్యోగుల భద్రత కోసమని చెప్పింది, అక్కడ గొడవలు నిజంగానే ఉన్నాయి, కాదనను. అయితే టెండర్లాయిన్‌లో బీదవాళ్ళు కొత్తగా రాలేదు. 1906 భూకంపం తర్వాత కట్టిన కూలీల హోటళ్ళవి, వందేళ్ళుగా ఉన్నారు, 2019లో మీ 180 భోజనాలు పోయినప్పుడూ రెండు వీధుల అవతల ఉన్నారు. మారింది ఏమిటంటే మధ్యాహ్నం ఒంటిగంటకి మెడలో ఐడీ కార్డు వేసుకుని మీ కొట్టు ముందు లైను కట్టినవాళ్ళు ఇంట్లో పైజామాతో కూర్చుని మీటింగులో ఉన్నారు. పైన ఉత్తరం రాసిన ఫ్రీమాంట్ పాఠకుడు కూడా వారానికి రెండు రోజులే వస్తున్నానన్నాడు, గమనించారా? మిగతా మూడు రోజుల భోజనం వాళ్ళావిడ పెడుతోంది.

కంపెనీలకి రాయితీలు కూడా ఇచ్చి చూశారు లెండి. 2011లో మార్కెట్ స్ట్రీట్ బాగుపడాలని పేరోల్ పన్ను (కంపెనీ ఇచ్చే జీతాల మీద పన్ను) మాఫీ చేస్తే ట్విట్టర్ వచ్చింది, ఆ ఊపు కొన్నేళ్ళు ఉంది, మాఫీ 2019లో అయిపోయింది, 2024లో ఆ కంపెనీ ఆఫీసు మూసేసి వెళ్ళిపోయింది. ముందున్న ఫుట్‌పాత్ మాత్రం అక్కడే ఉంది.

ప్రశ్న: ఈ గోలంతా డెమొక్రాట్ల వల్ల. మా హ్యూస్టన్‌కి వచ్చి చూడండి.
— ఒక పాఠకుడు, షుగర్‌ల్యాండ్

జవాబు: హ్యూస్టన్ బాగా చేసింది, ఒప్పుకుంటాను. 2011 నుంచి చూస్తే అక్కడ ఇల్లు లేనివాళ్ళు 60 శాతానికి పైగా తగ్గారు. కానీ ఆ పని జరిగినన్నాళ్ళూ మీ మేయర్లు కూడా డెమొక్రాట్లే సార్. వందకు పైగా సంస్థలు ఎవరి దుకాణం వాళ్ళు నడపకుండా ఒకే లిస్టు పెట్టుకుని, ముందు అపార్ట్‌మెంటు తాళం చేతికిచ్చి తర్వాత మాన్పించాల్సినవి మాన్పించారు, చేసింది అదే. అది కుదిరింది ఎందుకంటే ఖాళీ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అద్దె తక్కువ, ఎక్కడ ఏం కట్టాలో శాసించే జోనింగే లేని ఊరు మీది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే లిస్టు పెట్టుకున్నా ఇవ్వడానికి తాళం ఉండాలి.

ప్రశ్న: మా హైదరాబాద్‌లో ఇంత ఖర్చూ లేదు, ఇంత గోలా లేదు. వీఐపీ వచ్చినప్పుడు ఊడ్చేస్తారు, అంతే!
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వస్తోందని హైదరాబాద్‌లో రెండు నెలలు భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్ళని జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. 2023 నవంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వస్తున్నాడని శాన్‌ఫ్రాన్సిస్కోలో టెంట్లు తీసి వీధులు కడిగారు, గవర్నర్ న్యూసమ్ మైకు ముందు "పెద్దవాళ్ళు వస్తున్నారని శుభ్రం చేస్తున్నామంటున్నారు, నిజమే" అని నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్ళూ కవలలే. ఇకపోతే సుప్రీంకోర్టు మన పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక నైట్ షెల్టర్ ఉండాలని చెప్పింది. మలక్‌పేట చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో ఒక రాత్రి పది దాటాక బండి మీద తిరిగి లెక్క పెట్టి రాయండి, తప్పకుండా వేస్తాను.

ప్రశ్న: ఈ మధ్యే ఉద్యోగానికి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాను. రోడ్డు మీద ఎవరైనా కదలకుండా పడి ఉంటే ఏం చేయాలి? భయమేస్తుంది.
— ఒక పాఠకురాలు, సోమా

జవాబు: రెండడుగుల దూరం నుంచి గట్టిగా "ఆర్ యూ ఓకే" అని అడగండి. కదిలినా, గొణిగినా, తిట్టినా పర్వాలేదు, బతికే ఉన్నాడు, మీ దారిన మీరు పోవచ్చు, అవసరమనిపిస్తే నగర సేవల నంబరు 311కి చెప్పండి. పలక్కపోతే వెంటనే 911, ఛాతీ కదులుతోందా, పెదవులు నీలంగా ఉన్నాయా చూడండి. నార్కాన్ అనే ముక్కులో కొట్టే స్ప్రే 2023 నుంచి మందుల షాపుల్లో చీటీ లేకుండానే ఇస్తున్నారు, రెండు డోసులుంటాయి, నా బ్యాగులో గొడుగు పక్కన ఒకటి ఉంటుంది. ఒక ముక్కు రంధ్రంలో పెట్టి నొక్కడమే, రెండు మూడు నిమిషాలు చూసి లేవకపోతే ఇంకో ముక్కులో రెండోది. లేచాక మీ మీద కోప్పడతాడు, ఎందుకంటే మత్తంతా ఒక్కసారిగా దిగిపోతుంది కాబట్టి. కొంచెం వెనక్కి జరిగి నిలబడి, అంబులెన్స్ వచ్చేదాకా ఉండండి, ఆఫీసుకి ఆలస్యమైతే అయింది.